అప్రస్తుతానికి అన్విత

రసూల్ గారి గొంతు పోయిందన్న కబురు ఉగాది సభకు ముందురోజు పొద్దున్న మా ఇంటికి చేరింది. మోసుకొచ్చింది రసూల్ గారే. స్కూటర్ దిగి, గేటు తీసుకుని వచ్చి, వరండాలో నిలబడి నోరు తెరిచారు. లోపలినుంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు.

మా ఆయన జానకిరామయ్య గారు తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మా చిలకలూరిపేటలో ఏటా ఉగాదికి అష్టావధానం జరుగుతోందంటే అది కేవలం ఆయన మొండితనం. "యార్డుకి వెళ్ళొద్దు, గొంతు జాగ్రత్త అని చెప్పానా లేదా" అని రసూల్ గారి మీద విరుచుకుపడ్డారు. రసూల్ గారిది మిరపకాయల కమీషన్ వ్యాపారం. సీజన్లో గుంటూరు మిర్చి యార్డులో ఆ ఘాటు మధ్య రోజంతా అరుస్తూ తిరిగితే ఎవరి గొంతైనా అంతే. వెళ్ళక ఏం చేస్తారండీ, మీ పద్యాలు ఆయనకు అన్నం పెడతాయా అని నేను వంటింట్లోంచే అడిగాను.

అవధానం ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. వేదిక మీద అవధాని ఒక్కడే ఉంటాడు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుని ప్రశ్నలు వేస్తారు. ఒకరు సమస్య ఇస్తే, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఇంకొకరు ఏదో ఒకటి వర్ణించమంటారు. అందరికీ ఆయన అక్కడికక్కడే, తలా ఒక పాదం చొప్పున పద్యాలు కట్టుకుంటూ పోవాలి. చివర్లో అన్నిటినీ కాగితం ముట్టకుండా అప్పజెప్పాలి. ఆ ఎనిమిది మందిలో ఒకరి పని మాత్రం వేరు. అవధాని పద్యం ఆలోచించుకుంటుంటే అడ్డం తగిలి, సంబంధం లేని ప్రశ్నలు అడగడం ఆయన ఉద్యోగం. దాన్నే అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, సభను నవ్వించి, అవధాని మళ్ళీ తన పద్యంలోకి వెళ్ళాలి. నన్నడిగితే సగం జనం దానికోసమే వస్తారు. పేటలో ఆ కుర్చీ ఏళ్ళ తరబడి రసూల్ గారిది.

"ఇప్పటికిప్పుడు నేనెవర్ని తెచ్చేది" అని మా ఆయన తల పట్టుకున్నారు. రసూల్ గారు మాట్లాడలేక చెయ్యెత్తి ఇంట్లోకి చూపించారు. కిటికీ పక్కన నేలమీద మా మనవరాలు అన్విత మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతారేంటి మాస్టారూ" అని ఆయన ఎలాగో గుసగుసగా అనగలిగారు.

ఈ మాట నాకు ఎందుకు తట్టలేదా అనిపించింది.

అన్వితకు పన్నెండేళ్ళు. మాటలు వచ్చినప్పటినుంచీ దాని నోటికి ప్రశ్న తప్ప ఇంకోటి తెలియదు. పాలవాడిని, బస్సు కండక్టర్ని, పురోహితుణ్ణి, ఎవరినీ వదిలేది కాదు. మూడో తరగతిలో వాళ్ళ నాన్న పాత ఇంజనీరింగ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. చెప్పులు ఎక్కడ విడిచిందో దానికి గుర్తుండదు, అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వెళ్ళిపోతుంది, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది. నాకదంతా ముద్దుగానే ఉండేది.

బళ్ళో ముద్దుగా ఉండలేదు. ఆరో తరగతిలో కొత్త క్లాస్ టీచరు వచ్చింది. పాఠం మధ్యలో ఇది ప్రశ్న అడిగినప్పుడల్లా "సిలబస్‌లో ఉందా, ఫింగర్ ఆన్ లిప్స్" అని నోటిమీద వేలు పెట్టించి నిలబెట్టేది. రోజూ అదే. ఇంట్లో మా ఆయన కూడా తక్కువ తినలేదు. "అనవసర ప్రసంగం మానెయ్" అనేవారు, పెద్ద సంస్కారం నేర్పుతున్నట్టు. పిల్ల మానేసింది. మొదట బళ్ళో, తర్వాత ఇంట్లో. ఏదడిగినా అవునంటే ఊ, కాదంటే ఊఊ. గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కునేది. బడినుంచి రాగానే తలనొప్పి అని పడుకునేది. చుట్టాలు, ఇరుగుపొరుగులు వచ్చి, "ఎంత ఒద్దిక వచ్చిందో కామేశ్వరి గారూ, పెద్దదైపోయింది" అని నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు వింటుంటే వాళ్ళని వీధిలోకి నెట్టాలనిపించేది.

మా అబ్బాయి రామకాంత్, కోడలు హైమ దాన్ని గుంటూరులో ఒక పిల్లల డాక్టరమ్మకు చూపించారు. నేనూ వెళ్ళాను. ఆవిడ పరీక్షలన్నీ పెట్టి, "ఈ పిల్ల తెలివి వయసుకి చాలా ముందుంది. దానితోపాటు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒక్కచోట నిలవని తత్వం కూడా ఉంది. రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చండి" అంది. "కానీ ఇప్పుడు అల్లరేం చెయ్యట్లేదుగా, తగ్గిపోయింది కదా" అని మా అబ్బాయి అన్నాడు. "తగ్గలేదు, దాచుకుంటోంది. ఆడపిల్లలు ఇది తొందరగా నేర్చుకుంటారు. అందుకే మనం ఆలస్యంగా కనిపెడతాం. మిగతావి తర్వాత చూద్దాం, ముందు ఈ పిల్ల ప్రశ్నలు ఎవరికైనా కావాలి. అలాంటి చోటు వెతకండి" అని ఆవిడ చెప్పింది.

వెతికాం. ఎక్కడని దొరుకుతుంది? ఇప్పుడు రసూల్ గారు చెయ్యెత్తి చూపిస్తే తెలిసింది, అలాంటి కుర్చీ మా ఇంటాయనే ఏటా వేస్తున్నారని.

మా ఆయన మాత్రం ససేమిరా అన్నారు. "పన్నెండేళ్ళ పిల్ల. తాడేపల్లి నుంచి సాయికౌశిక్ అవధాని వస్తున్నాడు. సభ నవ్వులపాలవుతుంది."

"నవ్వడానికే కదండీ ఆ కుర్చీ పెట్టింది" అన్నాను.

హైమది ఇంకో భయం. "అంతమందిలో మళ్ళీ ఎవరైనా దాన్ని కసిరితే ఇక జన్మలో నోరు తెరవదు అత్తయ్యా" అంది. ఆ భయం నాకూ ఉంది. అయినా వెళ్ళి పిల్ల పక్కన నేలమీదే కూర్చున్నాను.

"అన్వీ, రేపు సభలో రసూల్ తాతయ్య బదులు నువ్వు కూర్చుంటావా? అవధానిగారిని ప్రశ్నలు అడగాలి."

అది గోరు కొరకడం ఆపింది. తర్వాత మెల్లగా, "ఏ ప్రశ్నలు?" అంది.

"ఏవైనా. ఆయన చేస్తున్న పనికి సంబంధం ఉండకూడదు, అంతే."

"మధ్యలో అడగొచ్చా?"

"మధ్యలోనే అడగాలి."

"అడక్కపోతే?"

"అడక్కపోతే తప్పు."

అది నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెబుతున్నానేమోనని రసూల్ గారి వంక తిరిగింది. ఆయన గట్టిగా తల ఊపారు. "ఎప్పటిదాకా అడగాలి?" అంది. ఆ ఊపులో నేను, "సభ అయిపోయేదాకా అడుగుతూనే ఉండు, ఎవరు ఏమనుకున్నా ఆపకు" అన్నాను. పిల్ల కళ్ళలో ఏదో కదిలింది. మా ఆయనకు ఇంక దారిలేక ఒప్పుకున్నారు.

ఒప్పుకుని ఊరుకుంటే మా ఆయన ఎందుకవుతారు? సాయంత్రమంతా దాన్ని కూర్చోబెట్టి మర్యాదైన ప్రశ్నలు నేర్పించారు. అవధానిగారూ, తమకు ఇష్టమైన పిండివంట ఏది, ఇలాంటివి. పిల్ల బుద్ధిగా అప్పజెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం కల్యాణమండపం కిటకిటలాడింది. పేటవాళ్ళే కాదు, మార్టూరు నుంచి, నరసరావుపేట నుంచి కూడా జనం దిగారు. వేపపువ్వు పచ్చడి పంచుతున్నారు, మైకు వాడు హలో హలో అంటున్నాడు, ఫ్యాన్లు గోలపెడుతున్నాయి. సాయికౌశిక్ అవధాని ముప్పై ఏళ్ళ కుర్రాడు. కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడట. పట్టుపంచె కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చకచకా వచ్చి కూర్చున్నాడు. వేదిక చివర ఎర్ర పరికిణీలో మా అన్విత కూర్చుంది. పక్కనే, గొంతుకు మఫ్లర్ చుట్టుకుని, రసూల్ గారు. "అప్రస్తుతానికి కుమారి అన్విత" అని మైకులో చదివినప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను.

మొదటి ఆవృత్తం, అంటే పృచ్ఛకులందరినీ చుట్టి వచ్చే మొదటి చుట్టు, మొదలైంది. అవధాని సమస్యకు ఒక పాదం చెప్పి, ఇంకొకరికి ఒక పాదం చెబుతుండగా, అన్విత మైకు తీసుకుంది. "అవధానిగారూ, తమకు ఇష్టమైన పిండివంట ఏది?" బడిలో పాఠం అప్పజెప్పిన గొంతే. "ఎవరింట్లో చేసినదైనా ఇష్టమే తల్లీ" అని ఆయన నవ్వాడు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. అంతే, పిల్ల మైకు కింద పెట్టేసింది. ఆవృత్తం మొత్తంలో మళ్ళీ నోరు విప్పలేదు. నేను చూస్తుండగానే దాని వేలు మెల్లగా పెదవుల మీదికి వెళ్ళింది. నా పక్కన హైమ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. ముందు వరసలో ఎవరో, "రసూల్ గారుంటేనా" అన్నారు. లేచి వేదిక ఎక్కి పిల్లని ఎత్తుకొచ్చేద్దామా అనిపించింది.

రెండో ఆవృత్తంలో వర్ణన అడిగే ఆయన, కల్లంలో ఆరబోసిన మిరపకాయల వర్ణనకు రెండో పాదం అడిగారు. మా ప్రాంతపు విషయం, జనం ఈలలు వేశారు. అవధాని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదుపుతూ పాదం కట్టుకుంటున్నాడు. అన్విత ఆయన్నే చూస్తోంది. దాని మోకాలు అదురుతోంది. ఉన్నట్టుండి మైకు లేకుండానే గట్టిగా వినిపించింది.

"దోమ మీద వాన చినుకు పడితే దోమ చచ్చిపోతుందా?"

అవధాని ఒక కన్ను తెరిచాడు. "చిలకలూరిపేట దోమలు గొడుగులు వేసుకుని తిరుగుతాయని విన్నానమ్మా" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఇంకా తగ్గకముందే ఇది, "కాదు, చావదు. చినుకుతోపాటు కాస్త కిందికి జారి తప్పించుకుంటుంది. నేను చదివాను" అంది. "అయితే అది నాకన్నా గొప్ప అవధాని" అన్నాడు ఆయన. మళ్ళీ నవ్వులు. రసూల్ గారు మఫ్లర్ తీసి తొడ చరిచి, మైకు తీసి పిల్ల చేతిలో పెట్టారు.

ఆ తర్వాత నేను చూసింది ఎలా చెప్పాలో నాకు తెలియదు. నెలల తరబడి కట్టేసిన కాలువకు ఎవరో తూము ఎత్తేశారు. "దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు కదా, దేవుడికి సిగ్గా?" అంది. "సిగ్గు దేవుడికి కాదమ్మా, పూజారికి. ఎంత మిగిలిందో మనం చూసేస్తామని" అన్నాడు అవధాని. ముందు వరసలో ఉన్న పూజారిగారే అందరికంటే ఎక్కువ నవ్వారు. "మీకు కలలో పద్యం వస్తే ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అంది. "మా ఆవిడ. పొద్దున్నే అప్పజెప్పి మరీ తిడుతుంది" అన్నాడు. "ఆఫీసులో మీకు కోపం తెలుగులో వస్తుందా, ఇంగ్లీషులోనా?" అంది. "వచ్చేది తెలుగులో. బయటికి పంపేది ఇంగ్లీషులో" అన్నాడు.

ఆయన పాదం అందుకోబోయేసరికి ఇది తగులుకుంటోంది. ఒకసారి నిజంగానే తడబడి, "నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు తల్లీ" అని దణ్ణం పెట్టాడు. "ఊపిరి మీరు ఆపారా? ఎందుకు?" అని ఇది వెంటనే అడిగింది. మండపం పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. వెనకాల నిలబడ్డ కుర్రాళ్ళు "అన్విత, అన్విత" అని అరవడం మొదలుపెట్టారు. హైమ ఏడుస్తోంది. నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను, చిన్నపిల్లలా. ఎర్ర పరికిణీ, ఊడిపోయిన జడ, ఆ కళ్ళు. మా పిల్ల మాకు తిరిగి వచ్చేసింది.

నాలుగు ఆవృత్తాలూ పూర్తయ్యాయి. ఇక మిగిలింది ధారణ, అంటే అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పడం. హాల్లో ఫ్యాన్లు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అవధాని కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఒక్కో పద్యం గలగలా వస్తోంది, జనం వేళ్ళ చివర్లతో చప్పట్లు కొడుతున్నారు. మిరపకాయల పద్యం వచ్చింది. దాని సగంలో ఉన్నాడు.

"మధ్యలో నేను అన్ని అడిగాను కదా. నాకైతే ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే లెక్క మొత్తం పోతుంది. మీకెందుకు పోదు?"

మైకులో మా అన్విత గొంతు.

అవధాని ఆగిపోయాడు. సభ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడైంది. ధారణలో ఎవరూ నోరెత్తకూడదు. అప్రస్తుతం వాళ్ళయితే అసలే ఎత్తకూడదు. అది ఎవరికైనా తెలిసిన సంగతి. సభాధ్యక్షుడు కుర్చీలోంచి లేచి, "ఏమిటమ్మా ఇది, ధారణలో ప్రశ్నా" అన్నారు. "ఎవరండీ ఆ పిల్లను అక్కడ కూర్చోబెట్టింది" అని ఇంకెవరో అరిచారు. "దించండి, దించండి" అని వెనకనుంచి. మా ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. అన్విత మైకు కాస్త కిందికి దించింది. "నాకెవరూ చెప్పలేదు. సభ అయిపోయేదాకా ఆపొద్దన్నారు" అంది. దాని గొంతు అప్పుడే చిన్నదైపోతోంది.

నిజమే, ఎవరూ చెప్పలేదు. చూస్తూ చూస్తూ పెరిగిన ఇల్లు మాది. వంటింట్లో ఉండే నాకు కూడా ధారణ నియమం తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని, ఏ సభలోనూ చివరిదాకా కుదురుగా కూర్చోని పిల్లకు చెప్పాలని ఎవరికి తోచుతుంది? మా ఆయన ఒక సాయంత్రమంతా పిండివంటల గురించి నేర్పించారు గానీ ఈ ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఆగేది. దానికి చెప్పినమాట చెప్పినట్టు చెయ్యడం ఒక్కటే తెలుసు.

నేను లేచి నిలబడ్డాను. "ఆపొద్దని చెప్పింది నేను. పిల్లని ఎవరైనా ఒక్క మాటన్నారంటే నాతో మాట్లాడండి" అన్నాను. నాకు మైకు అక్కర్లేకపోయింది.

అప్పుడు అవధాని చెయ్యెత్తాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అధ్యక్షులవారు క్షమించాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పి వెళ్తాను. ఇన్ని సభల్లో నన్నెవరూ ఇది అడగలేదు" అన్నాడు. తర్వాత పూర్తిగా అన్విత వైపు తిరిగి కూర్చున్నాడు.

"పోతుందమ్మా. నువ్వు దోమ గురించి అడిగినప్పుడు పోయింది. నైవేద్యం గురించి అడిగినప్పుడు మొత్తం పోయింది. చిన్నప్పుడు బళ్ళో రోజూ పోయేది. కిటికీలోంచి పోయేది. మా మాస్టారు నన్ను బెంచీ ఎక్కించేవారు. అది పోకుండా ఆపడం నాకు ఇప్పటికీ చేతకాదు. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం నేర్చుకున్నాను, అంతే. ఇక్కడ కూర్చున్నంతసేపూ నేను చేసే పని అదొక్కటే."

"అలిసిపోరా?" అంది అన్విత.

"చాలా. ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాను."

"నేను కూడా" అంది అది.

ఆయన నవ్వాడు. "ఇప్పుడు నీ ప్రశ్న వల్ల మళ్ళీ పోయింది. నేనెక్కడ ఆగానో చెప్తావా?"

"'ఎండలో' అన్నారు. తర్వాత ఊపిరి తీసుకున్నారు. అప్పుడు అడిగాను."

"'ఎండలో'" అని ఆయన అందుకున్నాడు. అందుకుని, పద్యం మిగతాది, ఆ తర్వాతి పద్యాలు అన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ముగించాడు. జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లు బయట రోడ్డుమీద లారీలవాళ్ళకు కూడా వినబడి ఉంటాయి. ధారణ ముగిసేదాకా అన్విత మైకు ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి, కళ్ళార్పకుండా వింటూ కూర్చుంది. ఎవరూ దాన్ని ఊరుకోమనలేదు.

సభ అయ్యాక అవధాని మా ఆయన దగ్గరికి వచ్చి, వచ్చేనెల తెనాలిలో తన సభ ఉందని, అప్రస్తుతానికి ఈ అమ్మాయే కావాలని అడిగాడు. "ఈసారి నియమాలన్నీ ముందే చెప్పండి మాస్టారూ" అన్నాడు. మా ఆయన చేతులు జోడించారు.

ఇంటికి కార్లో వస్తున్నాం. రామకాంత్ నడుపుతున్నాడు. ఇంకా వెలుతురుంది. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు గుట్టలు పోస్తున్నారు. అన్విత నాకూ, మా ఆయనకూ మధ్య కూర్చుంది. ఆయన కిటికీ అద్దం పైకెత్తి, దాని వైపు తిరిగారు.

"అన్వితా. నన్నొకటి అడుగు" అన్నారు.

"ఏమని?"

"ఏదైనా."

అది ఆలోచించింది. అంతసేపు ఆలోచించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను మాట్లాడకుండా ఉన్నప్పుడు నీకు హాయిగా ఉండేదా తాతయ్యా?"

హైమ ముందు సీట్లోంచి వెనక్కి తిరగబోయి ఆగింది. మా ఆయన అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. పిల్ల నమ్మేది కూడా.

"ఉండేది" అన్నారు ఆయన. "హాయిగానే ఉండేది. తప్పు చేశాను తల్లీ."

అది ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. కళ్ళనీళ్ళు చూసి కాస్త ఆశ్చర్యపోయినట్టుంది. తర్వాత ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"సరే" అంది. "ఇంకోటి అడగనా?"